మంట మింగిన కొండలకు వెళ్లేవారికి: మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో అడవి మంటలు మనుషుల్ని పొట్టన పెట్టుకున్న చోట్లకు వెళ్లడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలివి. సగానికి పైగా మాంటానాలోని మాన్ గల్చ్ గురించే ఉన్నాయి కాబట్టి దానికే ఎక్కువ చోటిచ్చాం. తెలియనివారి కోసం క్లుప్తంగా: 1949 ఆగస్టు 5న, ముందురోజు పిడుగు రాజేసిన మంటను ఆర్పడానికి 15 మంది స్మోక్ జంపర్లు పారాచ్యూట్లతో ఈ ఇరుకు లోయలో దిగారు. అప్పటికే ఒంటరిగా మంటతో పోరాడుతున్న అటవీ గార్డు జిమ్ హారిసన్ వారిని కలిశాడు. రెండు గంటలు తిరగకముందే మంట వాళ్లను చుట్టేసింది. 13 మంది చనిపోయారు. ముగ్గురు బతికారు.

ప్రశ్న: జులై చివర్లో హెలెనాలో రెండు రోజులు ఉంటాం. మాన్ గల్చ్ దాకా కారు వెళ్తుందా? ఎంత నడవాలి?

కారు వెళ్లదు. ఆ లోయ గేట్స్ ఆఫ్ ద మౌంటెన్స్ వైల్డర్‌నెస్‌లో, అంటే చట్టం కాపాడే అడవి ప్రాంతంలో ఉంది. అక్కడ మోటారు బండ్లకే కాదు, సైకిలుకు కూడా అనుమతి లేదు. అందరూ వెళ్లే దారి నీటి మీదుగానే. హెలెనా నుంచి ఐ-15 హైవే మీద ఉత్తరంగా సుమారు 20 మైళ్లు వెళ్లి 209వ ఎగ్జిట్ దగ్గర దిగితే గేట్స్ ఆఫ్ ద మౌంటెన్స్ మెరీనా వస్తుంది. అక్కడి విహార పడవలు మిసోరీ నది మీద కొండల మధ్యగా వెళ్లి మెరివెదర్ పిక్నిక్ స్థలం దగ్గర కాసేపు ఆగుతాయి. నడిచేవాళ్లు అక్కడ దిగిపోయి, తర్వాతి పడవలో వెనక్కి రావచ్చు.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. దిగిపోతున్నామన్న సంగతి టికెట్ కొనేటప్పుడే చెప్పాలి. చివరి పడవ ఎన్నింటికో అప్పుడే అడిగి రాసుకోవాలి. వేళలు నెలను బట్టి, వారాన్ని బట్టి మారతాయి. చివరి పడవ తప్పితే ఆ రాత్రి మీరు, నది, దోమలు, అంతే. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

నడక విషయానికొస్తే, మైళ్ల లెక్క మోసం చేస్తుంది. మెరివెదర్ నుంచి మెలికల దారిలో గట్టు ఎక్కాలి. అది వెయ్యి అడుగులకు పైగా ఎక్కుడు. గట్టు దాటాక మాన్ గల్చ్‌లోకి దిగాలి, ఆపైన స్మారకాలు ఉన్న ఎదుటి వాలు మళ్లీ ఎక్కాలి. తిరిగొచ్చేటప్పుడు ఇదంతా తలకిందులు. అంటే ఒకే రోజు రెండు పెద్ద ఎక్కుళ్లు, రెండు పెద్ద దిగుళ్లు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు సులువుగా ఎక్కామన్న ధీమాతో లోయలో ఆలస్యం చేసి, రెండో ఎక్కుడును నడి మధ్యాహ్నం, ఖాళీ సీసాలతో మొదలుపెడతారు. మొదటి పడవకే వెళ్లండి. మనిషికి 4 లీటర్ల నీళ్లు తప్పనిసరి, లోయలో తాగడానికి నమ్ముకోదగ్గ నీరు లేదు. ఒక లీటరును ఈ గట్టు దగ్గరే రాళ్ల నీడలో దాచి వెళ్తే తిరుగు ప్రయాణంలో బరువూ తగ్గుతుంది, భరోసా కూడా ఉంటుంది. వచ్చేటప్పుడు ఆ సీసా తీసుకురావడం మర్చిపోకండి.

చీలమండను పట్టి ఉంచే బూట్లు, రెండు చేతికర్రలు, పొడవాటి ప్యాంటు కావాలి. గడ్డిలో గిలక పాములు ఉంటాయి. రాళ్ల మీద చెయ్యి వేసేముందు చూసి వెయ్యండి. పాముల కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది చీట్ గ్రాస్ అనే గడ్డి. జులైకల్లా అది ఎండి ఎర్రబారుతుంది. ముళ్ల మీసాలున్న దాని గింజలు మేజోళ్లలోకి గుచ్చుకుని, అడుగు వేసేకొద్దీ లోపలికే పోతాయి, వెనక్కి రావు. అల్లిక మేజోళ్లు వేసుకుంటే రెండు గంటలకోసారి కూర్చుని ఏరుకోవాల్సిందే. బూటు మీద కట్టే గెయిటర్లు ఉంటే ఈ గొడవ ఉండదు. కుక్కను తీసుకెళ్లాలనుకుంటే దాని చెవుల గురించి ఆలోచించి మానుకోండి.

సొంత పడవో కయాకో ఉన్నవాళ్లు నేరుగా మాన్ గల్చ్ ముఖద్వారం దగ్గర ఒడ్డుకు చేరవచ్చు. ఒక గట్టు ఎక్కుడు తప్పుతుంది. అయితే మధ్యాహ్నం ఎదురుగాలి లేస్తే తెడ్డు వేయడం నరకం.

ప్రశ్న: అంత కష్టపడి వెళ్తే చూడటానికి ఏముంది? కాలిన చెట్లు ఇంకా ఉన్నాయా?

కాలిన ఆనవాళ్ల కోసం వెతకొద్దు. గడ్డి మరుసటి వసంతానికే మళ్లీ మొలుస్తుంది. మీకు కనిపించేది పచ్చిక వాలు, అక్కడక్కడా పాండెరోసా పైన్ చెట్లు, ఆ వాలు మీద చెల్లాచెదురుగా 13 గుర్తులు. మొదట పాతినవి కాంక్రీటు శిలువలు, తర్వాత గ్రానైటు స్తంభాలు కూడా చేర్చారు. చనిపోయినవారిలో ఒకరు యూదుడు కావడంతో 2001లో ఆయన శిలువ స్థానంలో దావీదు నక్షత్రం ఉన్న గుర్తును పెట్టారు. ప్రతి గుర్తూ ఒక మనిషి పడిపోయిన చోటును చూపుతుంది. వాళ్లు వరుసలో లేరు, గుంపుగా లేరు. ఎవరి ఊపిరి ఎంతవరకు నిలిచిందో వాళ్లు అక్కడున్నారు.

కాబట్టి చూడాల్సింది గుర్తుల్ని కాదు, నేలను. గట్టు మీద పది నిమిషాలు నిలబడి లోయ రెండు పక్కలనూ పోల్చండి. దక్షిణపు పక్క ఉత్తరానికి ముఖం తిప్పి ఉంటుంది. ఎండ తక్కువ, తేమ ఎక్కువ, అందుకే డగ్లస్ ఫర్, పైన్ చెట్లు దట్టంగా పెరిగేవి. మంట మొదలైంది ఆ పక్క గట్టు మీదే. ఉత్తరపు పక్క రోజంతా ఎండకు కాలుతుంది, అక్కడ ఉండేది గడ్డి. జంపర్లు లోయ ఎగువన దిగి, సామాను కూడగట్టుకుని, ఈ గడ్డి పక్కగానే నది వైపు నడిచారు. మంట ఎదుటి కొండ మీద ఉంది, నది దగ్గరికి చేరితే నీళ్లు వెన్నుదన్నుగా ఉంటాయి. కాగితం మీద తప్పు లేని ఆలోచన.

చెట్ల మంటలోంచి లేచిన నిప్పురవ్వలు గాలికి కొట్టుకొచ్చి లోయ దిగువన, వీళ్లున్న పక్కనే పడ్డాయి. అడవి మంట కాస్తా గడ్డి మంట అయింది. మధ్యలో అడ్డంగా ఉన్న చిన్న చిన్న మిట్టల వల్ల దగ్గరపడేదాకా అది వాళ్లకు కనబడలేదు. మీరు ఆ వాలు మీద నిలబడి నది వైపు చూస్తే, ముందున్న నేల ఎంత దాస్తుందో అర్థమవుతుంది. తర్వాతి అధ్యయనాలు తేల్చిన వేళలు ఇంచుమించుగా ఇవి: 5:45కు ఫోర్‌మన్ వాగ్ డాడ్జ్ అందరినీ వెనక్కి తిప్పాడు. 5:53కు పనిముట్లు పారేయమన్నాడు. 5:55కు తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టాడు. మృతుల్లో ఒకరి చేతి గడియారం ముళ్లు కరిగి అతుక్కుపోయింది ఆరుకు నాలుగు నిమిషాలు ఉందనగా.

వెనక్కి తిరిగాక వాళ్ల ముందున్నదంతా ఎక్కుడే. గుర్తులున్న భాగంలో వాలు 76 శాతం అని నివేదికలు చెబుతాయి. అంటే అడ్డంగా 100 అడుగులు జరిగితే 76 అడుగులు పైకి లేవడం. కోణంలో చెప్తే సుమారు 37 డిగ్రీలు. ఇంట్లో మెట్ల కంటే ఇది ఏటవాలు, పైగా మెట్లు లేవు. ఫోన్‌లో వాలు కొలిచే సదుపాయం ఉంటే చేతికర్రను వాలు వెంట నేల మీద పడుకోబెట్టి, దాని మీద ఫోన్ నిలబెట్టి చూడండి. తర్వాత నడుస్తూ వంద అడుగులు ఎక్కండి. పరుగెత్తక్కర్లేదు, నడకకే జవాబు దొరుకుతుంది.

మంటకు ఈ లెక్క తలకిందులు. వాలు మీద జ్వాల పైనున్న గడ్డి మీదికి ఒరుగుతుంది, తాకకముందే దాన్ని ఎండబెట్టి వేడెక్కిస్తుంది. ఏటవాలు పెరిగేకొద్దీ మనిషి వేగం తగ్గుతుంది, మంట వేగం పెరుగుతుంది. ఆ రోజు హెలెనాలో 97 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ, దానికి తోడు లోయ పైకి ఎగదోస్తున్న గాలి.

గట్టు మీది రాతి అంచును కూడా చూడండి. రాబర్ట్ సాలీ, వాల్టర్ రమ్సీ అనే ఇద్దరు కుర్రాళ్లు పొగలోనే దాని పగులు దొరకబుచ్చుకుని అవతలికి దాటి, రాళ్లు పరుచుకున్న చోట నిలబడి బతికారు. సాలీకి అప్పుడు 17 ఏళ్లు.

ప్రశ్న: డాడ్జ్ పెట్టిన మంట ఎలా కాపాడింది? అదే మిగతావాళ్లను చంపిందని ఎక్కడో చదివాను. మేం చిక్కుకుంటే అలా చేయవచ్చా?

మూడు ప్రశ్నలు, మూడు జవాబులు.

ఎండుగడ్డి సన్నటిది. అంటుకున్నంత వేగంగానే కాలిపోయి చల్లారుతుంది. డాడ్జ్ నిప్పు పెట్టిన చోట గడ్డి క్షణాల్లో బూడిదైంది. ఆయన నీళ్ల సీసాతో చేతిరుమాలు తడిపి, నోటికి అడ్డం పెట్టుకుని, ఆ బూడిద మీద బోర్లా పడుకున్నాడు. పెద్ద మంట వచ్చేసరికి అక్కడ కాలడానికి ఏమీ మిగల్లేదు. అది చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. నేలకు ముఖం ఆనించడం ముఖ్యం, పీల్చగలిగే గాలి ఉండేది అక్కడే. దుంగలూ పొదలూ ఉన్నచోట ఈ ఉపాయం పారదు. లావు కట్టె నిమిషాల తరబడి కాలుతుంది, దాని మీద పడుకోలేరు.

ఆ మంటే మిగతావాళ్లను చుట్టేసిందా అని మృతుల కుటుంబాల్లో కొందరు అప్పట్లోనే నిలదీశారు. అధికారిక విచారణ డాడ్జ్‌ను తప్పుపట్టలేదు. 1993లో అటవీ శాఖ శాస్త్రవేత్త రిచర్డ్ రాథర్మెల్ మంట వేగాన్నీ మనుషుల వేగాన్నీ లెక్కగట్టి, ఇది గెలవలేని పందెమని తేల్చాడు. డాడ్జ్ పిలిచినా ఎవరూ ఆ బూడిదలోకి రాలేదు. వాళ్ల శిక్షణలో అలాంటిది లేదు. వెనక మంట తరుముతుంటే ముందు మరో మంట పెడుతున్న మనిషిని చూసి ఏమనుకుంటారు?

మీరు చేయవచ్చా? వద్దు. అడవిలో మీరు పెట్టే నిప్పు ఎవరి వైపు వెళ్తుందో మీ చేతిలో ఉండదు. పొగ కనిపించగానే, అది దూరంగా ఉండగానే వెళ్లిపోవడం మీకున్న అసలు ఉపాయం. ఆలస్యమైతే పక్కకో కిందికో జరగండి. ఇప్పటికే కాలిపోయిన నేల, నీరు, రోడ్డు, గడ్డి లేని రాతి పరుపు, వీటిలో ఏది దగ్గరైతే అది. కొండ పైకి పరుగెత్తవద్దు. సన్నటి వాగు కాలువల్లోకి దూరవద్దు, అవి పొగ గొట్టాల్లా పనిచేస్తాయి. నైలాన్, పాలిస్టర్ చొక్కాలు ఒంటికి కరిగి అంటుకుంటాయి. ఎండాకాలం ఇలాంటి చోట్లకు నూలు బట్టలతో వెళ్లడం మంచిది.

ప్రశ్న: డెబ్బై దాటిన అమ్మానాన్నలతో వస్తున్నాం. ఎక్కడం కుదరదు.

పడవలోనే కూర్చుని వెళ్లిరండి, మెరివెదర్ దగ్గర దిగి కాళ్లు చాపుకోవచ్చు. వాలు అర్థం కాదు గానీ లోయ ముఖద్వారం కనిపిస్తుంది. మిసూలాలో విమానాశ్రయం పక్కనే స్మోక్ జంపర్ల సందర్శక కేంద్రం ఉంది. పారాచ్యూట్లు కుట్టే చోటు, బరువులు, పనిముట్లు దగ్గరగా చూపిస్తారు. ఆ రోజు జంపర్లను మోసుకెళ్లిన సీ-47 విమానం మిసూలాలోనే మౌంటెన్ ఫ్లయింగ్ మ్యూజియంది. 2019లో దాన్ని మళ్లీ ఎగిరేలా చేసి నార్మండీ దాకా తీసుకెళ్లారు కాబట్టి, వెళ్లేముందు అది ఇంట్లో ఉందో లేదో ఫోన్ చేసి అడగండి.

ఐడహో మీదుగా వెళ్తే వాలెస్ ఊరికి దక్షిణంగా మైలు దూరంలో పులాస్కీ టన్నెల్ కాలిబాట ఉంది. 1910 ఆగస్టు 20, 21 తేదీల్లో సుమారు 30 లక్షల ఎకరాలు తగలబడినప్పుడు ఎడ్ పులాస్కీ అనే రేంజర్ తన మనుషుల్ని పాత గని సొరంగంలోకి తోలి, బయటికి పరుగెత్తబోయినవాళ్లను తుపాకీ చూపించి ఆపాడు. ఎక్కువమంది బతికారు. బాట మొదటి కొంత భాగం చదునుగా, చక్రాల కుర్చీ వెళ్లేలా ఉంటుంది. సొరంగం దాకా అయితే ఒక వైపే రెండు మైళ్లు, ఎక్కుడు. ఒక పక్క గొడ్డలి, మరో పక్క గుద్దలి ఉండే పులాస్కీ అనే పనిముట్టు ఆయన పేరుదే. మాన్ గల్చ్‌లో పారేయమన్న పనిముట్లలో అవీ ఉన్నాయి.

విస్కాన్సిన్ వైపు ఉన్నవాళ్లకు పెష్టిగో. 1871 అక్టోబరు 8న, షికాగో తగలబడిన రాత్రే, ఈ ఊరూ చుట్టుపక్కల పల్లెలూ బూడిదయ్యాయి. మృతులు 1,200 నుంచి 2,500 దాకా అని అంచనా. లెక్క తేలకపోవడానికి కారణం లెక్కపెట్టేవాళ్లు, ఊరి రికార్డులు కూడా కాలిపోవడమే. పాత చర్చిలో మ్యూజియం, పక్కనే గుర్తుపట్టలేని సుమారు 350 మందిని కలిపి పూడ్చిన సమాధి ఉన్నాయి. అంతా సమతలం. మే చివరి నుంచి అక్టోబరు 8 వరకే తెరుస్తారు.

ప్రశ్న: ఫీనిక్స్‌లో ఉంటాం. యార్నెల్‌కు మే నెలలో వెళ్తే నీళ్లు ఎన్ని కావాలి?

ఎండ ముదిరితే ఎన్ని తీసుకెళ్లినా చాలవు. నవంబరు నుంచి మార్చి మధ్యలో వెళ్లండి. మే తప్పకపోతే సూర్యోదయానికే నడక మొదలుపెట్టండి.

తెలియనివారికి: యార్నెల్ అరిజోనాలో ఉంది. 2013 జూన్ 30న ప్రెస్కాట్ అగ్నిమాపక శాఖకు చెందిన, అడవి మంటలతో పోరాడే గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్స్ దళంలో 19 మంది ఇక్కడ చనిపోయారు. ఉరుముల మబ్బు విరిగి, గాలి ఒక్కసారిగా దిశ మార్చుకోవడంతో మంట వాళ్ల మీదికి తిరిగింది. 2016లో ఇది రాష్ట్ర స్మారక పార్కు అయింది. బాట సుమారు 2.85 మైళ్లు ఎక్కి చూపు వేదికకు చేరుతుంది. దారి పొడవునా బండలకు 19 ఫలకాలు తాపడం చేశారు, ఒక్కో మనిషి ఫొటో, పరిచయంతో. అక్కడి నుంచి మరో 0.75 మైలు దిగితే వాళ్లు కన్నుమూసిన చోటు వస్తుంది. రాళ్లు నింపిన 19 తీగ బుట్టలను గొలుసులతో కలిపి చుట్టూ పెట్టారు. మొత్తం రానుపోను ఏడు మైళ్లకు పైనే, ఐదారు గంటలు. చల్లటి నెలల్లో మనిషికి 3 లీటర్లు, ఎండ ఉంటే గంటకు దాదాపు లీటరు. ఆ చివరి 0.75 మైలు దిగుడే గదా అని దిగిపోతారు. దాన్ని తిరిగి ఎక్కాలి. వేదిక దగ్గరికి చేరేసరికే మీ నీళ్లలో సగం అయిపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. పార్కింగు చాలా చిన్నది, శని ఆదివారాలు పొద్దున్నే నిండిపోతుంది.

ఇంకొకరు అడిగారు, వాళ్ల దగ్గర ఫైర్ షెల్టర్లు లేవా అని. ఉన్నాయి, వాడారు కూడా. ఆ అల్యూమినియం గుడారం దూరం నుంచి తగిలే వేడిని తిప్పికొడుతుంది. మంట నేరుగా తాకితే పొరలను అతికించిన జిగురే సుమారు 500 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర వదిలేస్తుంది. అక్కడి వేడి 2,000 డిగ్రీలు దాటింది.

ప్రశ్న: స్టార్మ్ కింగ్, మాన్ గల్చ్, ఒక్కటే చూడాలంటే?

ఒక్క పూటే ఉంటే స్టార్మ్ కింగ్. కొలరాడోలో ఐ-70 మీద, గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్‌కు పడమరగా 109వ ఎగ్జిట్ నుంచి తూర్పుగా పక్క రోడ్డు పట్టుకుంటే బాట మొదలు దాకా కారు వెళ్తుంది. 1994 జులై 6న మంటతో పోరాడుతున్న 14 మంది సిబ్బంది ఇక్కడ పోయారు. మైలు ఎక్కితే ఎదుటి కొండ మొత్తం కనిపించే చోటు వస్తుంది, అక్కడితో ఆగినా నష్టం లేదు. ఆ పైన మరో మైలు బాగా నిటారు, కంకర జారుతుంది. గ్యాంబెల్ ఓక్ పొదలను దగ్గరగా చూడండి. పచ్చగానే ఉంటాయి, అలాంటి పచ్చటి పొదలే ఆ రోజు భగ్గుమన్నాయి.

ప్రశ్న: గుర్తుల దగ్గర పూలు పెట్టవచ్చా? కొవ్వొత్తి వెలిగించవచ్చా?

కొవ్వొత్తి, అగరుబత్తి, సిగరెట్టు, ఏదీ వద్దు. ఎండిన కొండ మీద అది తప్పే కాదు, చాలా చోట్ల నేరం. పూలు కూడా ప్లాస్టిక్ చుట్టు లేకుండా ఉంటేనే. అగ్నిమాపక దళాలవాళ్లు తమ టోపీలు, బ్యాడ్జీలు వదిలి వెళ్తుంటారు, వాటిని ముట్టుకోవద్దు. తుప్పు పట్టిన డబ్బా మూత కనిపించినా ఉన్నచోటే ఉండనివ్వండి. మాన్ గల్చ్ జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉంది.

ప్రశ్న: డ్రోన్?

వైల్డర్‌నెస్‌లో ఎగరేయడానికీ దించడానికీ వీల్లేదు. బయటైనా, దగ్గర్లో మంట ఉంటే మీ డ్రోన్ వల్ల నీళ్ల విమానాలు ఆగిపోతాయి.

ప్రశ్న: మేం వెళ్లే వారంలో పొగ కమ్మితే?

ముందురోజు రాత్రి మూడు చూడండి: ఇన్సివెబ్ సైటులో చుట్టుపక్కల మంటలు, ఎయిర్‌నౌ సైటులో గాలి నాణ్యత, వాతావరణ శాఖ రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక. గాలి సూచీ 150 దాటితే ఎక్కుడు మానుకోండి. రెడ్ ఫ్లాగ్ ఉంటే ఆకాశం నీలంగా ఉన్నా గడ్డి వాలు మీదికి వెళ్లవద్దు, పొడి గాలి, ఈదురుగాలి కలిసిన రోజుకే ఆ జెండా ఎగరేస్తారు. పొద్దున బయల్దేరేముందు రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేసి బాట తెరిచి ఉందో లేదో అడగండి. పాత మంట ప్రాంతాల్లో నిలువునా ఎండిన చెట్లు గాలికి చప్పుడు లేకుండా పడతాయి, వాటి కింద కూర్చుని భోజనం చేయవద్దు.

కారు విషయం ఒకటి. స్థలం దొరకలేదని ఎండుగడ్డి మీద ఆపకండి. బండి కిందుండే క్యాటలిటిక్ కన్వర్టరు, ఇంజను ఆపాక కూడా చాలాసేపు గడ్డిని అంటించేంత వేడిగా ఉంటుంది. కంకర మీదో తారు మీదో ఆపండి, లేకపోతే మరో రోజు రండి.